దారం కట్టిన సొరకాయ

దాసన్న కమ్మీ కొడితే పేట లేచేది. డోన్ స్టేషన్ నుంచి ఎప్పుడో ఒక మిషన్ దొరగారు తెప్పించిన రైలు కమ్మీ ముక్క అది. గుడి ముందు వేపచెట్టుకు గొలుసుతో వేలాడుతుండేది. అసలు గంట తెప్పిస్తామని వచ్చిన ప్రతి దొరా చెప్పి పోయినవాడే. ఆ గంట రానూ లేదు, ఆ కమ్మీ దిగనూ లేదు. పొద్దుటి ప్రార్థనకు, సాయంత్రం ప్రార్థనకు, పెళ్ళికి, చావుకు, అన్నిటికీ దాసన్న చేతి దెబ్బే. చావుకు కొట్టే పద్ధతి వేరు. ఒక దెబ్బ కొట్టి, ఆ మోత పూర్తిగా అణిగేదాకా నిలబడి, అప్పుడు ఇంకో దెబ్బ కొట్టాలి.

హస్తకార్తెలో రాహేలమ్మ చలిజ్వరంతో పోయినప్పుడు కూడా అతనే కొట్టాడు. ఈ ఒక్కసారికి వేరేవాళ్ళు కొడతారులే అని సంఘపెద్ద జ్ఞానరాజు అన్నాడు గాని దాసన్న వినలేదు. కొట్టడం అయినాక సుత్తిని చెట్టు తొర్రలో దాని చోట పెట్టి, ఇంటికి వచ్చి, భార్య శవం పక్కన కూర్చున్నాడు. అంత నిక్కచ్చి మనిషి.

నిక్కచ్చి మనుషులు ఊరికి మంచివాళ్ళు. ఇంటికి ఎంత మంచివాళ్ళో ఇంట్లోవాళ్ళను అడగాలి. రాహేలమ్మను ఎవరూ అడగలేదు. ఒక ఆడబిడ్డ పుట్టి పురిట్లోనే పోయింది, మళ్ళీ కాన్పు లేదు. దాసన్న పొద్దున కమ్మీ కొట్టి కూలికి పోయేవాడు, సాయంత్రం వచ్చి కమ్మీ కొట్టి గుడి ఊడ్చి దీపాలు పెట్టేవాడు, ఆ తర్వాత పెద్దల కూటంలో కూర్చునేవాడు. ఇంటికి వచ్చేది తినడానికి, పడుకోవడానికి.

ఇంటి వెనక పెరడు రాహేలమ్మది. దాసన్నకు అక్కడ పని నీళ్ళు పోసుకునే బండ వరకే. నాలుగు చెంబులు గుమ్మరించుకుని తుడుచుకుంటూ లోపలికి వచ్చేసేవాడు. ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో ఏనాడూ వెనక్కి తిరిగి చూడలేదు. అవి బండ పక్క నుంచి తవ్విన చిన్న కాలువలో పడి వంగమొక్కలకు, అక్కడ నుంచి చిక్కుడుకు, చివరికి సొరపాదుకు చేరేవి. ఆ ఎర్రనేలలో వాన పడితే పడినట్టు, లేకుంటే లేదు. ఎండాకాలానికి పేట బావి అడుగంటేది. మనుషులు తాగడానికే లేని నీళ్ళు మొక్కలకు పోస్తే తప్పనే చోటు అది. అందుకని రాహేలమ్మ ఇంట్లో ఏ నీళ్ళనూ ఒక పనితో వదిలేది కాదు. కొర్రలు కడిగిన నీళ్ళు మిరపకు, గిన్నెలు కడిగిన నీళ్ళు పుంటికూరకు. మేకల పెంటికలు, పొయ్యిలో బూడిద, కానుగాకు ఒక గుంతలో వేసి మట్టి కప్పి తొలివాన దాకా మాగబెట్టేది. సాలెవీధిలో మగ్గం పడుగులకు గంజి పెట్టిన నాడు మిగిలిన గంజి అడిగి తెచ్చుకుని, నీళ్ళు కలిపి పాదులకు పోసేది. ఆకుకు పురుగు పడితే పొద్దున్నే మంచు ఆరకముందు బూడిద చల్లేది. ఆమెకు తెలిసిన మందు అదొక్కటే, అదే చాలేది.

పెరట్లో అన్నిటికంటే సొరపాదు ఆమెకు ఎక్కువ. ఆత్మకూరు అవతల అడవి అంచు పల్లెలో ఆమె పుట్టిల్లు. పెళ్ళినాడు తల్లి కొంగున కట్టి పంపిన గింజలవి. ఈ సీమలో సొర బెట్టకు వస్తే చేదెక్కుతుంది. కష్టపడి పెంచి, కూర వండి, తీరా నోట్లో పెట్టుకుంటే ఉమ్మేయాల్సిందే. రాహేలమ్మ సొర మాత్రం ఎంత ఎండకైనా చేదెక్కేది కాదు. ఆ సంగతి పేటంతా ఎరుగుదురు. అందుకే కాయల కాలంలో ఆమె పెరట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. వచ్చినవాళ్ళ కోసం చిక్కుడు పందిరి కింద ఒక పీట వేసి పెట్టేది. కాయలు అడిగినవాళ్ళకు లేదనేది కాదు. గింజలు మాత్రం ఎవరు అడిగినా ఇచ్చేది కాదు.

"కాయ కావాల్నంటే వచ్చి కోసుకో. గింజ ఇయ్యను."

ఎంత బతిమాలినా ఇదే మాట, నవ్వుతూనే అనేది. జ్ఞానరాజు భార్య స్వయంగా వచ్చి అడిగినా ఇదే మాట. ఆ రోజు దాసన్నకు తల తీసేసినట్టయింది.

"గుడి కమ్మీ కొట్టేవాని పెండ్లానివి. గంపలకు గంపలు కాయలిస్తాండావు, పిడికెడు గింజలకేమొచ్చె? ఏం పిసినారితనమే ఇది?"

"నీకేం తెలుసులేయా" అని ఆమె చీపురు అందుకుంది.

తనకు తెలియంది ఏమిటో అతను అడగలేదు. సాయంత్రం కమ్మీ కొట్టే వేళయింది.

ఆమె పోయిన యేడు వానలు వెనకబడ్డాయి. ఆరుద్రకార్తెలో వేసిన గింజలు మొలిచి మాడిపోయాయి. పుష్యమిలో ఒక మంచి వాన పడితే మళ్ళీ వేసింది. "ఉండే గింజలన్నీ ఏసేసినా. ఈ తూరి నిలవకుంటే మన ఇంట్లో సొర లేదు" అని సంగటి వడ్డిస్తూ చెప్పింది. దాసన్న ఊఁ కొట్టాడు. వేసినవాటిలో ఒక్క పాదు నిలిచింది. అది పెరటి కొట్టం మీదికి పాకి, హస్తకార్తె మొదట్లో తొలి కాయ పట్టింది. రాహేలమ్మ నిచ్చెన ఎక్కి, ఆ కాయ తొడిమకు ఎర్ర నూలుదారం కట్టింది. తర్వాత కొన్నాళ్ళకే జ్వరంతో పడింది, మరి లేవలేదు. ఆ తర్వాత పట్టిన లేత కాయలు చావుకు వచ్చిన చుట్టాలకు కూరకు పోయాయి. దారం కట్టిన కాయను ఎవరూ ముట్టలేదు.

ముట్టరు. పేటలో అదొక ఆచారం. దేవునికి మొక్కుకున్న కోడికి కాలికి, మేకకు మెడకు, కాయకు తొడిమకు ఎర్రదారం కడతారు. దారం కట్టింది దేవునిది. ఇంటివాళ్ళు దాన్ని తినరు, అమ్మరు. కోత పండుగనాడు గుడికి తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ప్రార్థన అయినాక వాటిని వేలం పాడతారు, పాడుకున్నవాళ్ళు తీసుకుంటారు.

చిత్తకార్తె చివర కోత పండుగ వచ్చింది. దాసన్న పెరట్లోకి వెళ్ళి కొట్టం మీదికి చూశాడు. దారంతో కాయ కనబడింది. ఇంత లావున, కొద్దిగా ముదురు పట్టి, ఎర్రదారం గాలికి కదులుతూ ఉంది. పోతూ పోతూ కూడా దేవుని భాగం మరిచిపోలేదని అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జీవితంలో మొదటిసారి ఆ నిచ్చెన ఎక్కి, కాయ కోసి, చంకన పెట్టుకుని గుడికి తీసుకుపోయాడు. దారం విప్పకుండా బలిపీఠం ముందు పెట్టాడు. పాస్టరు అయ్యగారు ప్రార్థనలో రాహేలమ్మ పేరు తలచారు. వేలంలో జ్ఞానరాజు ఆ కాయను ఎవరికీ పోనీయకుండా పాడి, ఇంటికి తీసుకుపోకుండా విందుకు ఉడుకుతున్న పప్పులో వేయించాడు. "రాహేలమ్మ చేతి కాయ, అందరి నోట్లో పడాల" అన్నాడు. మంచి మనసుతోనే చేశాడు. పేటంతా బంతిలో కూర్చుని తిన్నది. కొద్దిగా ముదిరినా రుచి పోలేదన్నారు. దాసన్న రెండోసారి అడిగి వేయించుకున్నాడు. కాయలోంచి గీకేసిన గింజలు, తొక్కలు గుడి వెనక కట్టేసిన మేకలకు పడ్డాయి.

పక్కింటి గిడ్డమ్మ ఆ రోజు విందుకు రాలేదు. మోకాళ్ళ నొప్పులు ముసల్దానికి. నాలుగు రోజులకు కట్టె పోటేసుకుంటూ పెరట్లోకి వచ్చి, కొట్టం మీదికి చూసి నిలబడిపోయింది.

"దాసన్నా, కాయ యాడ?"

"ఏ కాయక్కా?"

"దారం కట్టిన కాయప్పా."

"దేవునిది దేవునికి ఇచ్చినా. పండగనాడు."

గిడ్డమ్మ పందిరి కింద పీట వెతుక్కుని మెల్లగా దాని మీద కూర్చుంది.

"అది దేవుని కాయ కాదప్పా. విత్తనం కాయ."

"దారం ఉండె కదక్కా."

"దారం లేకుంటే నిలుస్తాదా? వచ్చినోళ్ళంతా కోసుకుపోయేటోళ్ళే. దారం చూస్తే దేవునిదని ఎవురూ ముట్టరని కట్టేది. యేడాదీ దేవునికి ఒకటి, గింజకొకటి. రెండు కాయలకు దారం ఉంటాండె. నువ్వు ఎన్నడూ చూడలేదా?"

చూడలేదు. అన్నేళ్ళుగా ఆమె గుడికి తెచ్చిన కాయను చూశాడు, కొట్టం మీద మిగిలిన కాయను చూడలేదు. దాసన్న లోపలికి పోయి బూడిద కుండ దించాడు. రాహేలమ్మ గింజలు బూడిదలో పెట్టి దాచే కుండ అది. నేల మీద కుమ్మరించి వేళ్ళతో వెతికాడు. చిక్కుడు గింజలున్నాయి, వంగ గింజలున్నాయి, సొరగింజ ఒక్కటి లేదు. ఉన్నవన్నీ వేసేశానని ఆమె చెప్పిందని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఊఁ కొట్టాడే గాని, ఏ మాటకు ఊఁ కొడుతున్నాడో వినలేదు.

చేతులు కాలినాక ఆకులు పట్టుకోవడం మొదలుపెట్టాడు. రాహేలమ్మ పుట్టింట్లో ఆ పాదు తల్లితోనే పోయింది, అందుకని పేటలో ప్రతి ఇంటి గడపకూ పోయి అడిగాడు. రాహేలమ్మ ఎప్పుడైనా సొరగింజలు ఇచ్చిందా, ఎక్కడైనా నాలుగు మిగిలాయా అని. అందరూ జాలిపడ్డారు, కూర్చోమన్నారు, లేదన్నారు. "మీ ఆమె యాడ ఇచ్చె గింజలు?" అని జ్ఞానరాజు భార్య మాత్రం ముఖం మీదే అనేసింది. ఇల్లు చేరేసరికి దాసన్నకు చచ్చిన మనిషి మీద కోపం వచ్చింది. గోడ దగ్గరికి పోయి గిడ్డమ్మను పిలిచాడు.

"ఒక్క ఇంట్లో గూడా లేవక్కా. ఒక్కరికి ఇచ్చింటే ఈపొద్దు పోయి తెచ్చుకుంటిని. ఎందుకక్కా అంత పిసినారితనం?"

"పిసినారితనం కాదప్పా" అంది గిడ్డమ్మ. "నేను గూడా ఒకపారి అడిగినా. నవ్వుకుంటానే చెప్పె. 'నీ దొడ్లో గూడా సొరపాదు ఉంటే నువ్వు నా గడప తొక్కుతావా గిడ్డమ్మక్కా' అన్నాది. ఎవురికీ ఇయ్యకపోయేది అందుకే. పాదు ఇంటింటికీ ఉంటే ఆ పీట మీద కూచునేది ఎవురు?"

దాసన్న పీట వైపు చూశాడు. నడుమ అరిగి నున్నగా అయిపోయింది. ఆ పీట మీద ఊరంతా కూర్చుంది. తను ఒక్కసారి కూర్చోలేదు.

"నేనుంటిని కదక్కా ఇంట్లో" అన్నాడు.

"ఉంటివి" అంది గిడ్డమ్మ.

ఇంకేమన్నా అనుంటే బాగుండేది. తిట్టుంటే తిరిగి ఒక మాట అనేవాడు. ఆ ఒక్క మాటతోనే దాసన్న గోడ దగ్గర నుంచి వెనక్కి వచ్చాడు. తను ఉండగానే రాహేలమ్మ ఒంటరిగా బతికింది. మనుషుల కోసం సొరపాదు పెంచుకుంది. ఆ పాదును తను పప్పులో కలుపుకుని తిన్నాడు. రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

పొద్దున గిడ్డమ్మే మళ్ళీ పిలిచింది. కూతురి కాన్పుకు ఎర్రగుంట్లకు బయలుదేరుతూ, మూట బండిలో పెట్టించి, గోడ మీదుగా చెప్పింది.

"పాదు ఇంకా పచ్చగుండాది. నీళ్ళు తప్పకుండా చూసుకుంటే చలికాలం దాంక ఈడ్చొచ్చు. ఒక్క కాయ పట్టనీ. పట్టినాక ఎవురొచ్చి అడిగినా కొయ్యద్దు. తీగె ఎండి, కాయ ఎండి, లోపల గింజ గలగలమనేదాంక కొట్టం మీదనే ఉండనీ."

బండి పోయింది. దాసన్నకు అప్పటి నుంచి ఒకటే పని. ఒక్క కాయ పట్టాలి, అది గింజ కట్టేదాకా నిలవాలి. అది పోతే రాహేలమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, చేత్తో పెంచుకున్నది, ఏదీ ఈ భూమ్మీద మిగలదు.

ఆ రోజు నీళ్ళు పోసుకుని మొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు. నీళ్ళు కాలువలో నాలుగడుగులు పోయి ఆకులకు అడ్డం పడి నిలిచిపోయాయి. ఆమె పోయినప్పటి నుంచి సొరకు ఒక్క చుక్క చేరడం లేదన్నమాట. తడిబట్టతోనే కూర్చుని కాలువ గోకాడు. వంగ, మిరప అప్పటికే వాడిపోయాయి. వాటి వాటా నీళ్ళు కూడా సొరకే మళ్ళించాడు. గుంతలో మాగిన ఎరువు తవ్వి మొదట్లో వేశాడు. అది చేతికి నల్లగా, మెత్తగా తగిలింది. అడుగున ఆమె వేసిన కానుగాకు ఇంకా పూర్తిగా మాగలేదు. ఆకుల కింద ఎర్రపురుగులు కనబడితే పొయ్యి బూడిద చల్లాడు. మధ్యాహ్నం చల్లితే నిలవలేదు, గాలికి ఎగిరి అతని కళ్ళలోనే పడింది. పొద్దున మంచులో చల్లితే నిలిచింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు. ఇంట్లోనే ఉన్న విద్య, అడిగుంటే ఒక్క మాటలో చెప్పేది.

గంజి కోసం సాలెవీధికి వెళ్ళాడు. ఆ వీధిలోకి పేటవాళ్ళు నడవరు. వీధి మొదట్లో ఉన్న రాయి దగ్గర కుండ దింపి, దూరంగా నిలబడాలి. మగ్గాల బసమ్మ ఒక్కతే రాహేలమ్మకు గంజి పోసేది. పడుగు మీద కుంచె లాగుతున్నదల్లా అతన్ని చూసి వచ్చింది.

"ఎవురప్పా నువ్వు?"

"రాహేలమ్మ మొగుణ్ణమ్మా. గంజి కోసం వచ్చినా."

"రాహేలమ్మ యాడ? దసరా నాటి నుంచి కనపడలేదు."

చెప్పాడు. బసమ్మ పై నుంచి కుండలోకి గంజి వంచింది. కుండ నిండినాక అంది, "శానా మాట్లాడుతుండె మీ ఆమె. ఈ రాయి మీద కూచోని పొద్దు గూకేదాంక మాట్లాడుతుండె. నాకు పనాగిపోతాదని కసిరినా పోతుండ్లేదు." దాసన్న ఆ రాయి వైపు చూశాడు. ఇంట్లో రాహేలమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదని అతను నలుగురితో చెప్పుకునేవాడు.

పాదు పూసింది. పొద్దు వాలే వేళకు కొట్టం మీద తెల్లగా విచ్చుకునేవి పూలు. పిందెలతో వచ్చినవి రెండు మూడు, మిగతావన్నీ గొడ్డు పూలే. ఒక పిందె పసుపు రంగుకు తిరిగి రాలిపోయింది. ఇంకొకటి బొటనవేలంత అయ్యి రాలిపోయింది. దాసన్న రాలిన పిందెను అరచేతిలో పెట్టుకుని, ఇంత పనికి కూడా పనికిరాకుండా పోయానా అనుకున్నాడు. అప్పుడు ఒక సంగతి గుర్తొచ్చింది. ఎన్నో యేళ్ళ కిందట ఒక సాయంత్రం కమ్మీ కొట్టడానికి పోతూ, రాహేలమ్మ నిచ్చెన మీద చేతిలో సొరపువ్వుతో నిలబడి ఉండడం చూశాడు. ఒక పువ్వును ఇంకో పువ్వుకు ఆనించి ఏదో చేస్తోంది. ఈ వయసులో పూల పిచ్చేమిటని నవ్వుకుని వెళ్ళిపోయాడు. మరునాడు పొద్దు వాలగానే నిచ్చెన ఎక్కి, ఒక గొడ్డు పువ్వు తెంపి, దాని పుప్పొడి పిందె మీదున్న పువ్వు నడుమ ఆనించాడు. మోటు చేతులు, సుత్తి పట్టే చేతులు.

ఆ పిందె రాలలేదు.

మళ్ళీ గంజికి పోయినప్పుడు బసమ్మ అడగకుండానే ఒక ఎర్ర నూలుపోగు తెచ్చి రాయి మీద పెట్టింది. "యేడాదీ అడుగుతుండె. ఎందుకో చెప్పకపోయె" అంది. దాసన్న దాన్ని తలగుడ్డ మడతలో పెట్టుకుని ఇంటికి వచ్చి, ఆ కాయ తొడిమకు కట్టాడు.

క్రిస్మస్ నాటికి కాయ చేతి పొడవు దాటింది. ఆ చుట్టుపక్కల ఎక్కడా పచ్చని కాయ లేదు. జ్ఞానరాజు కొట్టం మీదికి చూస్తూ వచ్చాడు.

"దాసన్నా, పండగకు దొరగారు వస్తాండాడు. ఈ కాయ విందుకు పెడదాం. దారం గూడా కట్టిపెట్టుండావు."

"అది విందుకు కాదన్నా."

"దారం కట్టింది దేవునిదే కదప్పా."

"దేవునిది కాదు. రాహేలమ్మది."

జ్ఞానరాజు ముఖం మాడ్చుకున్నాడు. "దేవుని పండక్కి లేదంటాండావు. కమ్మీ కొట్టేవాడివి, ఆలోచించుకో."

"లేదు" అన్నాడు దాసన్న. దేవుని ఇంటికి లేదన్న మాట అతని నోట రావడం అదే మొదలు. ఆ మాట వెనక్కి తీసుకోలేదు. రాహేలమ్మ పిసినారితనం ఈయనకు అంటుకుందని పేటలో అనుకున్నారు. పండుగ విందుకు అతన్ని పిలిచారు. పక్కన మాత్రం ఎవరూ కూర్చోలేదు. కమ్మీకి వచ్చేవాళ్ళంతా దేవుని కోసం వస్తారు, కొట్టేవాని కోసం ఎవరు వస్తారు? అన్నేళ్ళు తనకు ఊరంతా ఉందనుకున్నాడు.

చలికాలం గడిచేకొద్దీ తీగ మొదలు నుంచి ఎండుతూ పోయింది. ఆకులు రాలిపోయాయి. కాయ పచ్చదనం పోయి, తెల్లబడి, తర్వాత గోధుమరంగుకు తిరిగింది. దాసన్న కూలి నుంచి వచ్చి, పందిరి కింద పీట మీద కూర్చుని దాన్ని చూస్తుండేవాడు. చూడడానికి వేరే ఏమీ లేదు. చిక్కుడు కూడా ఎండిపోయి పందిరి బోడిగా మిగిలింది. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఎందుకు వస్తారు, కోసుకోవడానికి ఏముందని. అప్పుడప్పుడు కాయతోనే మాట్లాడేవాడు. ఈరోజు జొన్నకోతకు పోయినా, పక్షులు శానా ఉండాయి అని. ఇటువంటి మాటలు రాహేలమ్మకు ఒక్కటీ చెప్పలేదని చెప్పినాక తోచేది. అక్కడితో ఆపేసేవాడు.

ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం మరునాడు కాయ కోశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల గింజలు గలగలలాడాయి. ఆ చప్పుడు విని పెరట్లో కూర్చుని ఏడ్చాడు. రాహేలమ్మను పూడ్చిననాడు ఏడవలేదు, అందరూ ఉన్నారని. ఇప్పుడు చూసేవాళ్ళు లేరు.

కాయ మెడ కోసి గింజలు రాల్చి, నీడన ఆరబెట్టాడు. బూడిద కుండలో సగం పెట్టాడు. మిగిలినవాటిని మోదుగాకుల్లో ఇంటింటికీ ఒక పొట్లం లెక్కన కట్టాడు. పంచేస్తాను, రాహేలమ్మ పేరున పంచేస్తాను, ఇక ఆమెను ఎవరూ పిసినారి అనరు, పాదు ఎన్నటికీ పోదు అనుకున్నాడు. మంచి ఆలోచనే. పొట్లాలన్నీ గంపలో పెట్టి అటక ఎక్కించి, తొలివాన కోసం చూశాడు. ఆ ఎండాకాలమంతా అతని గడప ముందు ఒక్క మనిషి ఆగలేదు. గిడ్డమ్మ మనవణ్ణి పెంచుకుంటూ ఎర్రగుంట్లలోనే ఉండిపోయిందని కబురు వచ్చింది.

వాన పడింది. దాసన్న తన గింజలు తను వేసుకున్నాడు. పొట్లాలు రేపు పంచుదాం, ఎల్లుండి పంచుదాం అనుకుంటుండగానే విత్తేకాలం దాటిపోయింది. పోనీలే, వచ్చే యేడు అనుకున్నాడు. పాదు కొట్టం ఎక్కింది. వినాయక చవితి దాటేసరికి కాయలు వేలాడాయి. మొదట ఒకావిడ వచ్చింది, బెరుకుగా. కోసుకోమన్నాడు. కాయ చేదెక్కలేదని పేటంతా తెలిసిపోయింది. ఇంక రోజూ ఎవరో ఒకరు. వచ్చినవాళ్ళు పీట మీద కూర్చుని ఒక మాట చెప్పి పోయేవాళ్ళు. జ్ఞానరాజు కూడా వచ్చాడు, క్రిస్మస్ సంగతి ఎత్తకుండా కాయ తీసుకుపోయాడు. దాసన్న తొలి కాయకు దారం కట్టాడు, దేవునికి ఇంకో కాయకు కట్టాడు. రెండూ ఏవేవో తనకు తెలుసు.

ఒక సాయంత్రం జ్ఞానరాజు కొత్త కోడలు విశ్వాసమ్మ వచ్చింది. కడప వైపు పిల్ల. పేటలో ఆమెకు ఎవరూ తెలియదు. కాయ కోసుకుని పోకుండా పీట మీద కూర్చుని, వాళ్ళ ఊరి బావి గురించి, వాళ్ళమ్మ పెట్టే కాకరపాదు గురించి, రైల్లో వచ్చేటప్పుడు వాంతి చేసుకున్న సంగతి గురించి చెప్పింది. దాసన్న కాలువ పక్కన కూర్చుని అంతా విన్నాడు.

"మామా, రెండు గింజలియ్యవా? మా దొడ్లో గూడా ఒక పాదు పెట్టుకుంటా."

"ఉండు తెస్తా" అని దాసన్న లోపలికి పోయాడు. అటక మీద నుంచి గంప దించాడు. పైనున్న పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. నిండా గింజలు, పొట్లాలకు పొట్లాలు. తలుపు దగ్గరికి వచ్చి బయటకు చూశాడు. ఆ పిల్ల పీట మీద కాళ్ళు ముడుచుకుని, కాయను ఒళ్ళో పెట్టుకుని, కొట్టం మీద విచ్చుకుంటున్న పూలను చూస్తోంది. దాసన్న పొట్లాన్ని మళ్ళీ గంపలో పెట్టి, గంపను అటక ఎక్కించి బయటికి వచ్చాడు.

"కాయ కావాల్నంటే వచ్చి కోసుకో" అన్నాడు. "గింజ ఇయ్యను."

విశ్వాసమ్మ నవ్వింది. "మా అత్త చెప్పనే చెప్పింది, ఈ ఇంట్లో గింజలియ్యరని. అయితే ఎల్లుండి మళ్ళా రావాల్నేమో."

"రా" అన్నాడు దాసన్న.

ఆమె పోయినాక అతను పీట మీద కూర్చున్నాడు. అది ఇంకా వెచ్చగా ఉంది. నీకేం తెలుసులేయా అని రాహేలమ్మ అన్న మాటకు ఇప్పుడు అతని దగ్గర జవాబు ఉంది. చెప్పడానికి మనిషి లేదు. పూలు పూర్తిగా విచ్చుకునేదాకా అక్కడే కూర్చున్నాడు.

ఆ సాయంత్రం పేటలో కమ్మీ ఆలస్యంగా మోగింది.